ఫోనుందా అని అడిగితే సరిపోదు

ఆరో తరగతి గణితంలో దత్తాంశ నిర్వహణ పాఠం చాలా బళ్ళలో నాలుగైదు పీరియడ్లలో అయిపోతుంది. పుస్తకంలో ఒక పట్టిక ఉంటుంది. దాన్ని చూసి పిల్లలు గళ్ళ కాగితం మీద కమ్మీలు గీస్తారు, పక్కన స్కేలు రాస్తారు, మార్కులు పడతాయి. ఆ అంకెలు ఎక్కడివో, ఎవరు ఎవరిని అడిగితే వచ్చాయో ఎవరూ పట్టించుకోరు. అదే పిల్లల్ని వీధిలోకి పంపి, ఇళ్ళలో రోజూ వాడే పరికరాల గురించి అడిగి రమ్మంటే పాఠం తలకిందులవుతుంది. గ్రాఫు గీయడం అరగంట పని. ఏం అడగాలో తేల్చుకోవడానికే వారం పడుతుంది. నిజానికి నేర్చుకోవాల్సిందంతా ఆ వారంలోనే ఉంది.

ఇలాంటి పాఠానికి గోదావరి డెల్టా భలే చోటు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఇక్కడి బతుకు లాకులు, కాలువలు, తూముల మీదే నడుస్తోంది. వాటికి ఇప్పుడు రొయ్యల చెరువుల్లో నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్లు, చేలల్లో వరికోత మిషన్లు, ఉప్పునీళ్ళ ఊళ్ళలో మినరల్ వాటర్ ప్లాంట్లు, కువైట్‌లో ఉన్న మనిషిని నట్టింట్లోకి తెచ్చే వీడియో కాల్ తోడయ్యాయి. ఒకే వీధిలో ఇన్ని రకాలు కనిపించే చోట ‘మీ ఇంట్లో ఫోనుందా, టీవీ ఉందా’ అనే ప్రశ్నతో సరిపెట్టుకుంటే సర్వే మొదలుకాకముందే చప్పబడిపోతుంది.

‘మీ ఇంట్లో వాడే సాంకేతిక పరికరాలు చెప్పండి’ అనగానే తరగతిలో ముందు వచ్చే పేర్లు ఫోను, టీవీ, ల్యాప్‌టాప్. కాసేపు ఆగితే ఫ్రిజ్, మిక్సీ, నీళ్ళ మోటారు వస్తాయి. ఇంకాస్త ఆగితే ఎవరో ఒకరు నాన్న బండి అంటారు, ఇంకొకరు సైకిలు అంటారు, గొడవ మొదలవుతుంది. ఆ గొడవను టీచరు తీర్చకూడదు. ఏది లెక్కలోకి వస్తుందో, ఏది రాదో ఒక నియమం రాయమని తరగతికే వదిలేయాలి. ‘కరెంటు, బ్యాటరీ, డీజిలు, పెట్రోలు - వీటిలో దేనితోనైనా నడిచేది’ అని రాసుకుంటే సైకిలు పోతుంది, టార్చిలైటు మిగులుతుంది. అది తప్పేమీ కాదు. 2011 జనగణనలో ఇళ్ళ జాబితా రాసినప్పుడు రేడియో, టీవీ, కంప్యూటర్, ఫోను, స్కూటరు, కారులతో పాటు సైకిలు ఉందా అని కూడా అడిగారు. వాళ్ళకు కావాల్సింది ఇంటి ఆస్తిపాస్తుల అంచనా. తరగతికి కావాల్సింది వేరే. ఎందుకు అడుగుతున్నామో తెలిస్తే ఏది అడగాలో తేలుతుంది. పన్నెండేళ్ళ పిల్లలు ఈ సంగతిని పెద్దవాళ్ళకంటే త్వరగానే పట్టుకుంటారు.

తర్వాతి చిక్కు ‘వాడటం’ దగ్గర వస్తుంది. కోనసీమలో ఏ వీధి అరుగు మీదైనా వినిపించే సంభాషణ ఇది.

“మామ్మగారూ, మీరు ఫోను వాడతారాండీ?”

“నాకెందుకమ్మా ఫోను? ఆ నొక్కుళ్ళవీ నాకు తెలీవు.”

“ఇంటర్నెట్టో?”

“అదసలే లేదు.”

అడిగే పిల్ల రెండుచోట్లా ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టి లేవబోతుంది. “ఉండవే, కువైట్ నుంచి మా అమ్మాయి చేసే వేళయింది, చూసి వెళ్దువుగాని. మనవడు తెచ్చి నా మొహానికెదురుగా పెడతాడు, అరగంట మాట్లాడుకుంటాం” అంటుంది మామ్మగారు.

ఫోను ఆవిడది కాదు, నొక్కేదీ ఆవిడ కాదు, అయినా రోజూ అరగంట ఆ తెర ముందే ఉంటుంది. ఉంది, లేదు అనే రెండు గళ్ళలో ఆవిడ ఎక్కడా ఇమడదు. తరగతికి తిరిగొచ్చాక ఆ రెండు గళ్ళను మూడు చేయాల్సి వస్తుంది: ‘స్వయంగా వాడతారు’, ‘ఎవరైనా పెట్టిస్తే వాడతారు’, ‘అసలు వాడరు’. మధ్య గడి చేరగానే అప్పటిదాకా ‘లేదు’ అన్న ఇళ్ళలో కొన్ని అటు జరుగుతాయి. గ్రాఫు ఆకారమే మారుతుంది. ఊళ్ళో మారింది ఏమీ లేదు, మారింది ప్రశ్న ఒక్కటే. ఈ ఒక్క అనుభవం కోసమైనా పిల్లలను వీధిలోకి పంపవచ్చు.

పెద్ద సర్వేలకూ ఈ బాధ తప్పదు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడారా అని అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో అవునన్న మహిళలు 21.0 శాతం, పురుషులు 48.8 శాతం. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన కమ్మీలుగా గీస్తే ఏడో తరగతి పిల్లలకు కూడా తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గీశాక ఆ ప్రశ్నను విడదీయమనాలి. ‘ఎప్పుడైనా’ అన్నారు కనుక జీవితంలో ఒక్కసారి వాడినా అవునే. ఆ అంకెలు 15 నుంచి 49 ఏళ్ళ లోపు వాళ్ళవి కనుక మామ్మగారు ఎటూ లెక్కలో లేరు. అదే సర్వే ఫోను సంగతి వచ్చేసరికి ‘ఇంట్లో ఫోనుందా’ అన్న ప్రశ్నతో సరిపెట్టుకోలేదు, ఆడవాళ్ళను తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉందా అని అడిగింది. ఇంటికి ఒక ఫోను ఉండి అది పొద్దుటి నుంచి రాత్రిదాకా నాన్న జేబులో ఉంటే అమ్మ దగ్గర ఫోనున్నట్టా, లేనట్టా? సర్వే రాసినవాళ్ళు ఆ తేడా ఎరిగినవాళ్ళని ఒక్క ‘స్వయంగా’తోనే తెలిసిపోతుంది.

వస్తువు ఉండటం వేరు, వాడటం వేరు అన్నది బడి ట్యాబుల దగ్గర ఇంకా బాగా బయటపడుతుంది. 2022 డిసెంబరులోనూ ఆ మరుసటేడూ రాష్ట్ర ప్రభుత్వం తన బళ్ళలోని ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చింది. అలాంటి తరగతిలో ‘ట్యాబ్ ఉందా’ అని సర్వే చేస్తే అందరూ ఉందనే అంటారు, గ్రాఫులో ఒకే కమ్మీ నిటారుగా నిలబడుతుంది, అందులో చూడటానికి ఏమీ ఉండదు. ‘నిన్న తెరిచావా, తెరిస్తే దేనికోసం’ అని అడిగితేనే కథ మొదలవుతుంది.

‘రోజుకు ఎంతసేపు’ అని కాకుండా ‘నిన్న’ అని అడగడం చిన్న మార్పులా కనిపిస్తుంది, చేసే మేలు మాత్రం చాలా పెద్దది. రోజుకు ఎంతసేపు అంటే మనిషి తనను తాను ఎలా చూసుకుంటాడో ఆ జవాబు చెబుతాడు. నిన్న అంటే గుర్తు తెచ్చుకోవాలి. దేశంలో 2019లో జరిగిన కాల వినియోగ సర్వే ఈ పద్ధతినే పట్టుకుంది. అడిగే రోజుకు ముందురోజు తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల వరకు ఏం చేశారో అరగంట చొప్పున రాయించుకుంది. ఆరేళ్ళు దాటిన వాళ్ళందరినీ లెక్కలోకి తీసుకుంది. అర్ధరాత్రి 12 దగ్గర రోజును తెంచితే ఒకే నిద్ర రెండు రోజుల్లోకి చీలిపోతుంది, 4 గంటలకైతే చాలామంది నిద్రలోనే ఉంటారు కనుక ఆ చీలిక తక్కువ ఇబ్బంది పెడుతుంది. అయితే భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలా ఉండే మనిషికి ఆ 4 గంటలే ముమ్మరంగా పని ఉండే వేళ. ఆయన రోజును మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నానికి రాస్తేనే పొందికగా వస్తుంది. ఆ సంగతి ఢిల్లీలో ఫారం రాసేవాళ్ళకంటే ఆకివీడు బడిపిల్లకే ముందు తడుతుంది.

‘నిన్న’లోనూ ఒక ప్రమాదం ఉంది. ఆ నిన్న ఏ రోజు? ఆదివారమా, పరీక్షల ముందురోజా, కనుమ నాడా? 2022 మే నెలాఖరున అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్‌ను కొన్ని రోజులు ఆపేశారు. ఆ వారంలో ఏ పిల్లలైనా ఈ సర్వే చేసి ఉంటే ఫోను కమ్మీ పొట్టిగా వచ్చేది, దాన్ని చూసి ‘ఇక్కడివాళ్ళు నెట్ తక్కువ వాడతారు’ అని రాసేసేవారు. తుపాను వచ్చి కరెంటు పోయిన వారమూ అంతే. సార్వా (ఖరీఫ్) కోతలప్పుడు అడిగితే వరికోత మిషను ప్రతి ఇంటా వినిపిస్తుంది, వేసవిలో కాలువలు కట్టేశాక అడిగితే నీళ్ళ మోటారు మోత ఎక్కువవుతుంది. అందుకని గ్రాఫు కింద తేదీ రాయించడం అలంకారం కోసం కాదు. తేదీ లేని గ్రాఫును నమ్మకూడదనేది తరగతిలో కఠినంగా పాటించాల్సిన నియమం.

గుర్తు తెచ్చుకుని చెప్పింది ఎంత నిజమో తేల్చుకునే సులువు ఒకటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో డిజిటల్ వెల్‌బీయింగ్ అనే చోట నిన్న తెర ఎంతసేపు వెలిగిందో నిమిషాలతో సహా ఉంటుంది. ముందు మనిషిని అంచనా చెప్పమని రాసుకోవాలి, ఆ తర్వాతే ఫోనులో చూడమనాలి. ఒక్కొక్కరికి రెండేసి కమ్మీలు, ఒకటి అన్నది, ఒకటి ఉన్నది. ఈ వరస తారుమారు చేస్తే ప్రయోగం చెడిపోతుంది, ఎందుకంటే అంకె చూశాక ఎవరి అంచనా అయినా దాని పక్కకే వచ్చి చేరుతుంది. ఇంట్లో నలుగురూ ఒకే ఫోను పంచుకునే చోట ఆ నిమిషాలు ఎవరివన్న ప్రశ్న మళ్ళీ మొదటికొస్తుంది. ఫోను తన సంగతే రాసుకుంటుంది, మనుషుల సంగతి దానికి తెలియదు.

సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఎవరుంటారు

పిల్లలు బడి వదిలాక, అన్నం వేళకు ముందు, తమ వీధిలోనే అడుగుతారు. దాంతో ఆ వేళకు ఇంట్లో ఉన్నవాళ్ళే సర్వేలోకి వస్తారు. చెరువు గట్టున ఉన్నవాళ్ళు, కొబ్బరి దింపు, ఒలుపు పనికి వెళ్ళి ఇంకా తిరిగిరానివాళ్ళు, షాపులో కూర్చున్నవాళ్ళు తప్పిపోతారు. నది మధ్యలోని లంక గ్రామం నుంచి రేవు దాటించే పంటు ఎక్కి వచ్చే పిల్లలు బడి తర్వాత ఆగలేరు కనుక లంకలోని ఇళ్ళు అసలు రావు. తీరా గ్రాఫు మీద ‘మా ఊరి సాంకేతికత’ అని పెద్ద అక్షరాలు కనిపిస్తాయి. ‘రోడ్డు పక్క రెండు వీధుల్లో సాయంత్రం ఇంట్లో ఉన్నవాళ్ళ సాంకేతికత’ అని రాస్తే అది నిజమైన శీర్షిక. శీర్షికను ఇలా కుదించడం పిల్లలకు నచ్చదు, అయినా నేర్పాల్సిందే.

దీనికి విరుగుడు మన దేశంలోనే బాగా ఎదిగింది. 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన మహలనోబిస్ బెంగాల్ జనపనార పంట అంచనాల కోసం శాంపుల్ సర్వేలను సానబట్టారు, ఆ దారిలోనే 1950లో నేషనల్ శాంపుల్ సర్వే మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1941లో ఆ ఇన్‌స్టిట్యూట్‌కే వెళ్ళారు. అందరినీ అడగలేనప్పుడు ఎవరిని అడగాలో మన ఇష్టానికి వదలకుండా అదృష్టానికి వదలాలన్నది ఆ పద్ధతికి మూలం. తరగతిలో దీనికి కంప్యూటరు అక్కర్లేదు. ఇళ్ళ నంబర్లు చీటీల మీద రాసి, డబ్బాలో వేసి, కళ్ళు మూసుకుని 30 తీస్తే చాలు. చీటీలో వచ్చిన ఇంటికి తాళం ఉంటే పక్కింటికి వెళ్ళడం కాదు, మర్నాడు మళ్ళీ అదే ఇంటికి వెళ్ళాలి. పక్కింటికి వెళ్ళడం మొదలుపెడితే ఎప్పుడూ ఇంట్లో ఉండేవాళ్ళ సర్వేగా మళ్ళీ జారిపోతుంది. జవాబు చెప్పనివాళ్ళకూ ఒక గడి ఉండాలి. పాఠ్యపుస్తకంలోని పట్టికల్లో అందరూ జవాబు చెబుతారు. వీధిలో కొందరు “మీ మాస్టారికి మా సంగతులెందుకు?” అని పంపేస్తారు. అదీ లెక్కే.

గళ్ళ కాగితం మీద

చిన్న తరగతులకు కాగితంతో పనిలేదు. ఒక్కో ఇంటికి ఒక ఖాళీ అగ్గిపెట్టె చొప్పున టీవీకి ఒక దొంతర, ఫ్రిజ్‌కి ఒక దొంతర పేర్చితే మూడో తరగతి పిల్లలు కూడా ఏది ఎత్తో చెప్పేస్తారు. పెట్టెలన్నీ ఒకే కొలతలో ఉండాలన్నది చేతులకే తెలిసిపోతుంది. కాగితం మీద బొమ్మలు గీసేటప్పుడు ఇది మరిచిపోయి టీవీ బొమ్మ పెద్దది, ఫోను బొమ్మ చిన్నది గీస్తారు. లెక్కలో ఫోన్లు ఎక్కువున్నా కంటికి టీవీలే ఎక్కువనిపిస్తాయి. ఒక బొమ్మ 5 ఇళ్ళకు సమానమని పెట్టుకుంటే 7 ఇళ్ళు వచ్చినప్పుడు ఒకటిన్నర బొమ్మ కూడా తప్పే. ఇలా బొమ్మలతో లెక్క చూపే పటచిత్రం ముచ్చటగా ఉంటుంది కానీ ఖచ్చితంగా చెప్పాల్సినచోట ఇబ్బందే.

కమ్మీ చిత్రాన్ని స్కాట్లండ్‌కు చెందిన విలియం ప్లేఫెయిర్ 1786లోనే తన పుస్తకంలో అచ్చువేశాడు, వృత్తాన్ని ముక్కలుగా కోసి చూపే ‘పై’ (pie) చార్టు కూడా 1801లో ఆయన చేతిమీదుగానే వచ్చింది. ఈ రెండో దానిమీద పిల్లలకు మోజు ఎక్కువ, రంగులు వేయొచ్చు కదా. ఈ సర్వేలో మాత్రం అది చాలాచోట్ల పనికిరాదు. 40 ఇళ్ళను అడిగితే 36 ఇళ్ళలో టీవీ, 39 ఇళ్ళలో ఫోను, 15 ఇళ్ళలో నీళ్ళ మోటారు ఉన్నాయనుకుందాం. మొత్తం 90. ఉన్నవి 40 ఇళ్ళే. ఒకే ఇల్లు మూడింటిలోనూ ఉంది కనుక వాటిని ఒక వృత్తంలో ముక్కలుగా కోయడానికి వీల్లేదు. ‘తాగేనీళ్ళు ఎక్కడివి’ అన్న ప్రశ్నకు ప్రతి ఇంటి నుంచీ ఒకటే జవాబు, 20 లీటర్ల టిన్నా, పంచాయతీ కుళాయా, ఇంట్లో ఫిల్టరా అని తీసుకుంటే అప్పుడు ‘పై’ చార్టు కుదురుతుంది. ఈ తేడా తెలియని గ్రాఫులు పేపర్లలోనూ టీవీల్లోనూ రోజూ కనిపిస్తూనే ఉంటాయి, పిల్లలను మాత్రమే అని లాభం లేదు.

కమ్మీలు సున్నా నుంచే మొదలవ్వాలి. ఒక వీధిలో 42 ఇళ్ళలో, మరో వీధిలో 45 ఇళ్ళలో ఫోన్లుంటే తేడా దాదాపు లేనట్టే. స్కేలును 40 నుంచి మొదలుపెడితే ఒకటి 2 గళ్ళు, ఇంకొకటి 5 గళ్ళు ఎత్తొస్తుంది, చూసినవాళ్ళు మొదటి వీధి వెనకబడిందనుకుంటారు. పిల్లల చేత కావాలనే రెండు రకాలుగానూ గీయించి, పక్క తరగతివాళ్ళకు ఒక్కొక్కటే చూపించి ఏమనిపించిందో అడగమంటే వాళ్ళకు భలే సరదా.

నిమిషాల లెక్కకు వచ్చేసరికి సగటు మోసం చేస్తుంది. ఏడుగురు పిల్లలు నిన్న ఫోను చూసిన నిమిషాలు 20, 30, 30, 40, 45, 60, 335 అనుకుందాం. సగటు 80. ఆ ఏడుగురిలో 80కి దగ్గరగా ఉన్న పిల్లే లేదు, ఆరుగురు అంతకంటే తక్కువే చూశారు. వరుసలో నట్టనడుమ పడే అంకె, అంటే మధ్యగతం, 40; ఎక్కువసార్లు వచ్చిన అంకె, అంటే బాహుళకం, 30. ‘మా తరగతి పిల్లలు రోజూ 80 నిమిషాలు ఫోను చూస్తున్నారు’ అని తల్లిదండ్రుల సమావేశంలో చెబితే లెక్క తప్పు కాదు, కానీ ఆరు ఇళ్ళలో అనవసరంగా తిట్లు పడతాయి. పాఠ్యపుస్తకంలో ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి సూత్రాలుగా వస్తాయి. ఎందుకు మూడు కావాల్సి వచ్చాయో ఈ ఏడు అంకెలు చెప్పేస్తాయి.

గీత గ్రాఫు ఎప్పుడు వాడాలో చెప్పడానికి డెల్టాలో ఏరియేటర్లకు మించిన ఉదాహరణ లేదు. పగలు చెరువు నీళ్ళలో ప్లాంక్టన్ అనే కంటికి ఆనని నాచు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటిపడ్డాక ఆ తయారీ ఆగిపోతుంది. ప్లాంక్టన్, రొయ్యలు, అడుగున కుళ్ళే మేత అన్నీ ఉన్నదాన్నే వాడుకుంటాయి. తెల్లవారేముందు నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. అందుకే రాత్రంతా ఏరియేటర్లు తిరగాలి, కరెంటు పోతే జనరేటర్ అందుకోవాలి. కాపలా మనిషిని ఏ గంటకు ఎన్ని ఏరియేటర్లు వేస్తారో అడిగి, గంటల వరుసలో చుక్కలు పెట్టి కలిపితే రాత్రి లేచి పగలు పడే గీత వస్తుంది. అదే కాగితం మీద తరగతి పిల్లల ఇళ్ళలో ఏ గంటకు ఎన్ని టీవీలు వెలుగుతున్నాయో గీస్తే సాయంత్రం ఎగిరి, ఒక్కసారిగా కూలే మరో గీత. గంటలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి కనుక చుక్కలు కలపడానికి అర్థం ఉంది. టీవీ నుంచి ఫ్రిజ్‌కి, ఫ్రిజ్ నుంచి మిక్సీకి గీత కలిపితే మధ్యలో ఏమున్నట్టు? పిల్లలు తరచూ చేసే ఈ తప్పును సూత్రం చెప్పి మాన్పించడం కష్టం, ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే సులువు.

గోడకు అంటించే ముందు ఒక జాగ్రత్త. వీధిలో ఒక్కరికే కారుంటే, గ్రాఫులో ఒక గడి ఎత్తున్న కమ్మీ ఆ ఇంటి పేరు రాసినంత పనే. ఏరియేటర్ల సంఖ్య చెబితే ఎన్నెకరాల చెరువో లెక్కకట్టగలవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది. ఫోనే లేని ఒకే ఒక్క ఇంటి సంగతి ఇంకా సున్నితం, ఆ ఇంటి పిల్ల ఆ తరగతిలోనే కూర్చుని ఉంటుంది. ఫారాల మీద పేర్లు ఉండకూడదు, నంబర్లు చాలు. మూడు ఇళ్ళకంటే తక్కువున్న కమ్మీలను ‘ఇతరాలు’లో కలిపేయాలి. ఏ యాప్‌లో ఏం చూశారన్నది అసలు అడగకూడదు.

ఆ గ్రాఫుతో పాటు ప్రశ్నల కాగితాన్నీ అంటించి ఉంచాలి. మరుసటేడు వచ్చే తరగతి అవే ప్రశ్నలు, అదే నెలలో, మళ్ళీ చీటీలు తీసి అడిగితే రెండేళ్ళ కమ్మీలు పక్కపక్కన నిలబెట్టవచ్చు. వాళ్ళు స్మార్ట్ వాచీలనో ఇన్వర్టర్లనో కూడా చేర్చాలనుకుంటే ఫారం చివర కొత్త వరుసగా చేర్చుకోవచ్చు. పాత ప్రశ్నల్లో ఒక్క మాటైనా మార్చాలనుకుంటే మాత్రం ఆ ప్రశ్న వరకు పాత కమ్మీని పక్కన పెట్టేసి కొత్తగా మొదలుపెట్టాల్సిందే.